సగం సరిపోతుందా?

ఆ ఆరంతస్తుల పాత భవనంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ లిఫ్టక్కే. మీట నొక్కితే దానంతటదే పోయే లిఫ్టు కాదది. ఇత్తడి పిడి పట్టుకుని ఒక పక్కకు తిప్పితే పైకి, ఇంకో పక్కకు తిప్పితే కిందికి పోయే పాతకాలపు రకం. పెట్టెను అంతస్తు గడపకు సరిసమానంగా ఆపడంలోనే ఉంది పనితనమంతా. బెత్తెడు తేడా వచ్చిందంటే దిగేవాళ్ళు బోర్లా పడతారు. లిఫ్టక్క చేతిలో ఎవరూ బోర్లా పడలేదు. మడత తలుపు లాగి మూయడం, పిడి తిప్పడం, మళ్ళీ తలుపు తీయడం, ఇంతే ఉద్యోగం. మూలన ఒక ఎత్తు స్టూలు, దాని మీద భర్త కుట్టిచ్చిన దిండు.

పని చేతులది, చెవులు మాత్రం ఖాళీ. దర్జీ దగ్గరికి వెళ్ళేవాళ్ళు, దవడ పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు, వకీళ్ళు, వాళ్ళ వెంట బితుకుబితుకుమంటూ నడిచే కక్షిదారులు, అందరూ తమ కబుర్లతో సహా ఆ పెట్టెలోకి ఎక్కేవారు. అంతస్తు రాగానే కబురు సగంలో తెగేది. "అప్పుడు మా బావమరిది ఆ కుర్చీ ఎత్తి..." అంటూ ఒకసారి ఒక పెద్దమనిషి నాలుగో అంతస్తులో దిగిపోయాడు. ఆ రోజు లిఫ్టక్కకు తిండి సయించలేదు. సాయంత్రం ఆయన కిందికి వచ్చినప్పుడు పట్టుకుంది. "కుర్చీ ఎత్తి ఏం చేశారండీ మీ బావమరిది?"

ఆయన తెల్లబోయి, తర్వాత నవ్వి, "ఏం చేస్తాడమ్మా, ఎత్తినవాడు మళ్ళీ దింపి దాని మీదే కూర్చున్నాడు" అన్నాడు.

ఇలా అడుగుతుందని ఆమెను ఎవరూ విసుక్కోలేదు. ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసే గుణం ఆమెకు లేదు. ఆరా జాస్తి, చాడీ నాస్తి అని వకీళ్ళలో ఒకాయన ఆమె గురించి అంటూ ఉండేవాడు.

ఇంట్లో మాత్రం ఆమె ఆరాకు మేత తక్కువ. భర్త సోఫాలు, కుర్చీలు బాగుచేసేవాడు. ముందుగదంతా స్పాంజి ముక్కలూ జిగురు వాసనా. పనిలో ఉన్నంతసేపూ చిన్న మేకులు పెదాల మధ్య పట్టుకుని ఉండేవాడు గనక మాట్లాడమన్నా కుదరదు. మేకులు లేనప్పుడు కూడా ఆయన పెద్దగా మాట్లాడేది లేదు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు భర్త అక్కగారు వాళ్ళతోనే ఉండేది. ఆవిడ జీవితమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయింది. ఉద్యోగం ఆవిడను వదిలింది కాని ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో తమ్ముడూ మరదలే ఆవిడకు హాస్టలు పిల్లలు. లిఫ్టక్క ఆవిడను వదినా అని పిలిచేది, భయపడేది, లోలోపల ఇష్టపడేది.

ఒకనాడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికి ఏదో గట్టిగా తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి భయమెందుకనుకుంది. కాని సంగతేమిటో తెలియకుండా ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు. మర్నాడు పళ్ళ డాక్టరు లిఫ్టులో ఒంటరిగా దొరికితే, మీ శాఖ కాదని తెలుసు కాని ఒక మాట చెప్పండి అంటూ అడిగింది. ఆయన తన అంతస్తు వచ్చినా దిగలేదు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళమని, రేపు ఎల్లుండి అనొద్దని చెప్పి, సెలవు సంగతి తను చూసుకుంటానని ఆమె పై అధికారికి కబురు కూడా పంపాడు. ఆయన మొహం చూశాకే ఆమె గుండెల్లో మొదటిసారి రాయి పడింది.

తర్వాత జరిగినవన్నీ చకచకా జరిగాయి. ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సరన్నారు, ఆపరేషన్ చేశారు, సెలైన్ సీసాల్లో మందెక్కించారు. జుట్టు పోయింది. వదిన ఆమె నున్నటి గుండును తడిగుడ్డతో తుడుస్తూ, హాస్టల్లో పేలు పట్టినప్పుడు ఎంతమందికి తాను దగ్గరుండి జుట్టు కత్తిరించిందో కథలు కథలుగా చెప్పేది. అది ఓదార్పని లిఫ్టక్కకు అర్థమయ్యేది. సెలైన్లు అయ్యాక ఇంకో ఇంజెక్షను మొదలుపెట్టారు. అది గడ్డ మళ్ళీ రాకుండా కాపు కాసే మందట. కొన్ని వారాలకొకసారి వెళ్ళి వేయించుకోవాలి, అలా ఏడాది పాటు. ఈలోగా ఆమె మళ్ళీ లిఫ్టు పనిలోకి వచ్చింది, తలకు గుడ్డ కట్టుకుని.

ఆ ఏడాదిలో సగానికి దగ్గరపడుతుండగా ఒక రోజు ఆసుపత్రిలో కొత్త నర్సు ఒకామె ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. నర్సులు కూర్చోవడం లిఫ్టక్క అంతవరకు చూడలేదు. ఇక్కడ ఒక క్లినికల్ ట్రయల్ నడుస్తోంది, మీకు ఇష్టమైతే వివరం చెబుతాను అంది నర్సు.

ట్రయల్ అన్న మాట లిఫ్టక్కకు కొత్తది కాదు. రెండో అంతస్తులో దర్జీ దగ్గర ట్రయల్ అంటే కుట్టిన బట్ట వేసుకుని చూడటం. నాలుగో అంతస్తులో వకీళ్ళ నోట ట్రయల్ అంటే కోర్టులో విచారణ. ఆసుపత్రిలో ట్రయల్ ఏమిటో ఆమెకు అందలేదు. తన మీద కేసేమైనా ఉందా అని అడిగింది. నర్సు నవ్వాపుకుని, కేసు మీ మీద కాదు, మందు మీద అంది.

సంగతి ఇదీ. ఈ ఇంజెక్షను ఏడాది పాటు ఇవ్వాలని మొదట ఎవరో పెట్టిన పద్ధతి. అందరూ అదే పాటిస్తున్నారు. అయితే ఆ మందు గడ్డ రాకుండా కాచినట్టే కొందరికి గుండెను నీరసపరుస్తుంది కూడా. సగం కోర్సు ఇచ్చి ఆపితే సరిపోతుందా, పూర్తిగానే ఇవ్వాలా అన్నది ఎవరికీ రూఢిగా తెలియదు. అందుకని ఒప్పుకున్నవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు సగం, ఒక జట్టుకు పూర్తి ఇచ్చి కొన్నేళ్ళపాటు గమనిస్తారు. ఎవరు ఏ జట్టో కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. చేరకపోతే ఏమీ అనరు, మామూలుగా పూర్తి కోర్సు ఇస్తారు. చేరినా ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చు.

లిఫ్టక్క ఇంతవరకు విని, కొత్త మందు కాదా అయితే అంది. కాదు, పాత మందే, ఎంత చాలునన్నదే ప్రశ్న అంది నర్సు. ఆ జవాబు లిఫ్టక్క బుర్రలో పురుగులా దూరింది. మందు ఎక్కువిస్తామంటే ఆశ, కొత్తదిస్తామంటే భయం. తక్కువిస్తామని ఒకరు వచ్చి అడగడమేమిటి?

ఇంట్లో చెప్పగానే వదిన చేతిలో గిన్నె టేబుల్ మీద పెట్టేసింది. ఎలుకలు అయిపోయాయా వాళ్ళకి, నువ్వు దొరికావా అంది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనంది. తర్వాత కాసేపు ఆలోచించి అసలు అనుమానం బయటపెట్టింది.

"నీకు సగం ఇచ్చి ఆపేస్తే ఆ మిగిలిన సగం ఎక్కడికి పోతుంది? అడిగావా?"

అడగలేదని ఒప్పుకోక తప్పలేదు. ఆవిడ తల పంకించిన తీరు చూస్తే దొంగను దొడ్డిదారిలో పట్టుకున్నట్టుంది. భర్తను అడిగితే, మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి పళ్ళెంలో పెట్టి, నీ ఒళ్ళు, నీ ఇష్టం అన్నాడు. ఆ మాట లిఫ్టక్కకు వదిన తిట్లకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాటి నుంచి ఆమె ఆరా తీయడం మొదలుపెట్టింది. ముందు లిఫ్టులోనే. బీమా కంపెనీ గుమస్తా, అది అన్ని దారులూ మూసుకుపోయినవాళ్ళకే ఇస్తారక్కా, నీకు చెప్పలేక అలా అన్నారేమో అని ఐదో అంతస్తులో దిగిపోయాడు. ఆమెను మూడు మెట్లు కిందికి తోసినట్టయింది. కుట్టు నేర్చుకునే అమ్మాయి ఒకతె, కొందరికి ఉత్తుత్తి మందిస్తారట, నీళ్ళ సూది అట అంది. వకీలు, కాగితం మీద ప్రతి మాటా చదవందే చెయ్యి కదపొద్దని హెచ్చరించి, నిజానికి ఇలాంటివి లేకపోతే ఏ మందూ మందయ్యేది కాదని కూడా అంటూ, దానికి ఉదాహరణ మొదలుపెట్టేసరికి నాలుగో అంతస్తు వచ్చింది. పళ్ళ డాక్టరొక్కడే, నాకు ఆ శాఖ తెలియదు, తెలియనిది చెప్పను, ఆ డాక్టరునే నిలేసి అడుగు అన్నాడు.

తర్వాత ఆసుపత్రి వెయిటింగు హాలు. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నవాళ్ళంతా ఏదో ఒక క్యాన్సరువాళ్ళు, లేదా వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. తన వంతు కోసం ఎదురుచూస్తూ ఒక్కొక్కరినీ కదిపి చూసింది. మీరు ఎప్పుడైనా ఈ ట్రయల్ అన్నమాట విన్నారా? ఎక్కువమంది విననే లేదు. విన్నవాళ్ళలో ఇద్దరి మాట ఒకటి కాదు. ఒకాయన అది డబ్బున్నవాళ్ళకే అన్నాడు, ఆయన పక్కావిడ డబ్బు లేనివాళ్ళకే అంది. ఒక సంగీతం టీచరు మాత్రం తల మీది టోపీ సర్దుకుంటూ, నన్నెవరూ అడగలేదు, అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు, ఒకసారి అడిగితే బాగుండేది అంది. తనను పిలవని పేరంటం గురించి చెప్పినట్టుంది ఆ గొంతు.

ఆ హాల్లోనే పూల దుకాణం ఆవిడ పరిచయమైంది. పెద్ద గొంతు, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు, ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా గోళ్ళలో ఆకుపచ్చ మరకలు. ఆవిడనూ ట్రయల్ నర్సు అడిగిందట. సంతకం పెట్టి కూడా వచ్చిందట. ఎందుకు ఒప్పుకున్నారని లిఫ్టక్క అడిగితే, "సగానికి ఆపితే తొందరగా కొట్టు చూసుకోవచ్చు గదా, మా ఆయనకు గులాబీలకి నీళ్ళెక్కువ పోసి చంపడం తప్ప ఏం రాదు" అంది ఆవిడ. అవతలి వరసలో కూర్చున్న ఆ మొగుడు, తనను కాదన్నట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంకో రోజు పక్క కుర్చీలో తాళాలు బాగుచేసే ముసలాయన కూర్చున్నాడు. ఆయనది వేరే క్యాన్సరు. ట్రయల్ గురించి అడిగితే ఏమీ తెలియదన్నాడు. మాటల్లో మాటగా, తనకు ప్రతిసారి ఒక గులాబీ రంగు సంచిలో మాత్రలిస్తారనీ, మొదట ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాననీ చెప్పాడు. అందులో ఏముందని అడిగింది.

"డాక్టరు ఇచ్చాడు, పెట్టాను. ఆయన చదివే ఇచ్చుంటాడు కదమ్మా" అన్నాడు.

అంటే ఆయన ఏదో ట్రయల్లో ఉన్నాడు, ఉన్న సంగతి ఆయనకు తెలియదు. లిఫ్టక్క తిన్నగా ట్రయల్ నర్సు దగ్గరికి వెళ్ళి చెప్పింది. నర్సు మొహంలో నవ్వు పోయింది. ఆయన తను చూసే ట్రయల్లోవాడు కాడు, అయినా కనుక్కుంటాను అంది. కనుక్కుంది కూడా. ఆ వారంలోనే ఎవరో డాక్టరు ఆయన్ను ఒక గదిలో కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చెప్పారు. ఆయన విని, మానుకుంటానన్నాడు. సరే అన్నారు, మామూలు మందుకు మార్చారు.

లిఫ్టక్క మంచిపని చేశాననే అనుకుంది. కాని ఆ ముసలాయన తర్వాత హాల్లో కనబడినప్పుడు ఆమె పక్కన కూర్చోలేదు. ఆమే వెళ్ళి పలకరిస్తే ముభావంగా చూశాడు.

"నాకు తెలియనప్పుడు హాయిగా ఉన్నానమ్మా. మందిస్తున్నారు, తగ్గుతుంది అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూడు, ఆ మాత్రలే మంచివేమో, ఇవే మంచివేమో అని నిద్ర పట్టడం లేదు. మానుకొని తప్పు చేశానేమో కూడా తెలీదు. నువ్వడిగావు గనకే కదా ఇదంతా."

లిఫ్టక్కకు తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. ఇంకొకరికి తెలుసుకుంటే నిద్ర పట్టదన్న సంగతి అన్నేళ్ళలో ఆమెకు ఎన్నడూ తట్టలేదు. ఆ సాయంత్రం లిఫ్టులో ఎక్కినవాళ్ళను ఆమె ఒక్క ప్రశ్నా అడగలేదు. ఒంట్లో బాగోలేదేమోనని దర్జీ కంగారుపడ్డాడు.

పళ్ళ డాక్టరు చెప్పినట్టే చివరికి ఆసుపత్రిలో తనను చూసే డాక్టరమ్మనే నిలేసింది. భర్తనూ వదిననూ వెంటబెట్టుకుని వెళ్ళింది. వదిన హాస్టలు తనిఖీకి వచ్చినట్టు గది నాలుగు మూలలూ చూసి కూర్చుంది. డాక్టరమ్మ నడివయసుది, గొంతు మెత్తన. లిఫ్టక్క బీమా గుమస్తా మాట ముందు అడిగేసింది. దారులన్నీ మూసుకుపోయినవాళ్ళనా మీరు పిలిచేది? కాదు, ఇది బాగా కోలుకుంటున్నవాళ్ళ కోసమే, మీరు కోలుకుంటున్నారు గనకే అడిగామంది డాక్టరమ్మ. నీళ్ళ సూది సంగతి? ఇందులో అది లేదు, ఉన్న చోట కూడా ముందే చెప్పి తీరాలంది.

"మరి సగం చాలో చాలదో మీకూ తెలియదా?"

"తెలియదమ్మా" అంది డాక్టరమ్మ. "తెలిస్తే మిమ్మల్ని అడగడం అన్యాయం. తెలియదు గనకే అడగొచ్చు."

ఆపరేషను నుంచి ఇప్పటిదాకా ఆ ఆసుపత్రిలో ఎంతమంది ఎన్ని చెప్పారో, ఎవరి నోటా ఆ మాట రాలేదు. భయం వేయాల్సింది పోయి లిఫ్టక్కకు ఆసక్తి పుట్టింది. ఏ జట్టులో వేయాలో మీరే చూసి చెప్పకూడదా అని అడిగింది. నేను ఎంచితే నీరసంగా ఉన్నవాళ్ళను జాలిపడి ఒక జట్టులో వేస్తాను, గట్టివాళ్ళను ఇంకో దాంట్లో వేస్తాను, అప్పుడు తేలింది మందు గుణమో నా జాలి గుణమో ఎవరు చెప్పగలరు అంది డాక్టరమ్మ. లిఫ్టక్క తల ఊపింది. అది ఆమెకు ఇట్టే అర్థమైంది.

"సగం చాలకపోతే?" అంది ఒక గొంతు. అందరూ తిరిగి చూశారు. భర్త.

"అదే మా భయం కూడా" అంది డాక్టరమ్మ. "అందుకే మధ్యమధ్యలో బయటివాళ్ళు లెక్క చూస్తుంటారు. ఒక జట్టుకు నష్టం జరుగుతోందని తేలితే ఆపేస్తారు. కాని ముందుగా మాట ఇవ్వలేను."

తర్వాత వదిన గొంతు సవరించుకుని మిగిలిన సగం మందు ఎక్కడికి పోతుందని అడిగింది. ఆ సీసా తెరవనే తెరవరు గనక మందుల గదిలోనే ఉండి ఇంకొకరికి అందుతుందని చెప్పారు. వదినకు జవాబు నచ్చింది, నచ్చినట్టు మాత్రం పైకి కనబడనివ్వలేదు.

ఇంటికి వచ్చాక భర్త ముందుగదిలో ఒక కుర్చీ ఊడదీసి పెట్టుకుని, మేకులు నోట్లో పెట్టుకోకుండానే కూర్చున్నాడు. లిఫ్టక్క వెళ్ళి ఎదురుగా స్పాంజి దిబ్బ మీద కూర్చుంది.

"నీ ఇష్టం అన్నాను గాని నాకు ఇష్టం లేదు" అన్నాడాయన. "రేపేదన్నా అయితే, ఆ రోజు వద్దని ఒక్కమాట అనకపోతినే అని బతికినన్నాళ్ళూ కుములుతాను. వద్దంటే నువ్వు ఆగుతావు. ఆగినా నీకు దాని మీదే ధ్యాస. ఆ మొహం చూస్తూ ఉండలేను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒకే విడతలో అన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు. ఎందుకు చేరాలనుకుంటున్నావని ఆయన అడిగితే ఆమె కాసేపు వెతుక్కుంది. లోకానికి మేలు జరగాలనేనా? ఆ మాట పెద్దది, తన నోటికి పట్టదు. తనకు తొందరగా విడుదల కావాలనా? అదీ కాదు. "నాకు తెలుసుకోవాలనుందండీ. మనం చేరకపోతే ఇంకెవరో చేరాలి. వాళ్ళు తేల్చింది మనం తీసుకోవాలి. ఆ ఇంకెవరో ఎవరని?" అంది. ఆయన తల వంచుకుని, ఒక మేకు తీసి నోట్లో పెట్టుకున్నాడు. అది ఒప్పుకోలు.

లిఫ్టక్క సంతకం పెట్టింది. చీటీలో సగం కోర్సు వచ్చింది. పూల దుకాణం ఆవిడకూ అదే.

ఆఖరి ఇంజెక్షను రోజున ఇంటికి వచ్చేటప్పుడు సంతోషంగానే ఉంది. అసలు పరీక్ష తర్వాత మొదలైంది. తనతోపాటు మొదలుపెట్టినవాళ్ళు ఇంకా ఆ గదిలోకి వెళ్తున్నారు, తను మాత్రం రక్తం పరీక్షకు ఇచ్చి, గుండె పరీక్ష చేయించుకుని తిరిగొస్తోంది. వర్షంలో గొడుగు సగం దారిలో ఎవరికో ఇచ్చేసినట్టు ఉండేది. భుజం నొప్పి పుడితే గడ్డేనేమో, దగ్గొస్తే గడ్డేనేమో. వదిన ఆమె దగ్గిన ప్రతిసారి వంటింట్లోంచి తొంగిచూసేది, ఏమీ అనేది కాదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో వింతల్లో వింత. జుట్టు మాత్రం తిరిగొచ్చింది, ఇదివరకు లేని ఉంగరాలతో. లిఫ్టులో ప్రతివాళ్ళూ ఎక్కడ చేయించావని అడిగేవారు.

రెండో ఏడు దాటాక పూల దుకాణం ఆవిడకు తిరగబెట్టింది. ఈసారి ఎముకల్లోకి వచ్చింది. లిఫ్టక్క చూడటానికి వెళ్ళింది. దుకాణం వెనక చిన్న గదిలో మంచం, చుట్టూ బకెట్లలో పూలు, నేలంతా తడి. గడప దగ్గరే లిఫ్టక్క కాళ్ళు ఆగిపోయాయి. ఏ మొహం పెట్టుకుని పలకరించాలి? తాము ఇద్దరూ ఒకే సగం తీసుకున్నవాళ్ళు.

ఆవిడే పిలిచింది. గొంతు మునుపటంత పెద్దది కాదు గాని మాట తీరు అదే. నీ మొహంలో ఉన్న ప్రశ్న నాకు తెలుసు, నేను డాక్టరమ్మను అడిగేశాను, సగానికి ఆపినందుకేనా అని. ఏమన్నారో తెలుసా, పూర్తి తీసుకున్నవాళ్ళలోనూ ఇలా కొందరికి తిరగబెట్టిందట, నీ ఒక్కదాని సంగతి చూసి చెప్పలేమన్నారు.

"మీకు కోపం రాలేదా?" అంది లిఫ్టక్క.

"వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈయన భయపడి పూలన్నిటికీ నీళ్ళు పోశాడు. తర్వాత అనుకున్నా, నాకు పూర్తి చీటీ వచ్చి ఇలా అయితే ఎవరి మీద పడేదాన్ని? నేను సంతకం పెట్టినప్పుడు వాళ్ళు దాచిందేమీ లేదు. తెలీదనే చెప్పారు." కొంచెం ఊపిరి తీసుకుంది. "కాని ఏం తేలుతుందో తెలుసుకోవాలనుందే. అప్పటికి నేనుండను. ఆ రోజు ఈయన్ను తీసుకెళ్ళు. ఒక్కడే వెళ్తే వెనక వరసలో కూర్చుని ఏమీ వినకుండా వచ్చేస్తాడు."

ఆ చలికాలం పోకముందే ఆవిడ పోయింది. లిఫ్టక్క ఆ తర్వాత కొన్నాళ్ళు పరీక్షలకు వెళ్ళడానికే భయపడింది. ఒకసారి నర్సుతో, నేను మానుకుంటానంది. మానుకోవచ్చు, ఎందుకని కూడా అడగను అంది నర్సు. ఆ మాట విని లిఫ్టక్క ఇంటిదాకా నడిచి వెళ్ళి, వదినతో చెప్పింది. వదిన మెచ్చుకుంటుందనుకుంది. ఆవిడ చేతిలో పని ఆపి, ఇప్పుడు మానుకుంటే నీకు వేసినది వేయనట్టవుతుందా, వేయనిది వేసినట్టవుతుందా అని అడిగింది. ఏదీ కాదని ఒప్పుకుంది లిఫ్టక్క. మరి వెళ్ళి రా, నేనూ వస్తాను పద అంది. ఆనాటి నుంచి ప్రతి పరీక్షకు వదిన తోడు వెళ్ళేది. హాల్లో కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, సంతకం పెట్టేముందు ఏమేం అడగాలో అడగకపోయినా చెప్పేది.

ఏళ్ళు గడిచాయి. లిఫ్టక్క ఉద్యోగం నుంచి రిటైరయింది. గడ్డ మళ్ళీ రాలేదు. ఒక రోజు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, ఫలితాలు తేలాయి, ట్రయల్లో ఉన్నవాళ్ళనూ వాళ్ళ ఇంటివాళ్ళనూ పిలిచి చెబుతున్నామని. లిఫ్టక్క ముందుగా పూల దుకాణానికి వెళ్ళింది. ఆవిడ మొగుడు దుకాణం ఇంకా నడుపుతున్నాడు. గులాబీలు బాగానే ఉన్నాయి. ఎందుకొచ్చిందో చెబితే, మారుమాట లేకుండా తడిచేతులు తుడుచుకుని షట్టరు దించాడు.

సమావేశం ఆసుపత్రి మేడ మీది హాల్లో. లిఫ్టక్క ఆయన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కనే తను కూర్చుంది. డాక్టరమ్మ జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది. తెర మీద రెండు గీతలు చూపించింది. ఒకటి సగం కోర్సువాళ్ళది, ఒకటి పూర్తి కోర్సువాళ్ళది. రెండూ ఎడమ నుంచి కుడికి చిన్నచిన్న మెట్లుగా దిగుతూ, దాదాపు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తేడా ఉంది కాని చాలా కొంచెమంది. గుండె ఇబ్బంది సగంవాళ్ళకు తక్కువట. చాలామందికి సగం చాలునని ఇక ధైర్యంగా చెప్పొచ్చట. అయితే మొదట గడ్డ పెద్దదిగా ఉన్నవాళ్ళ విషయం మాత్రం ఇంకా తేలలేదు, వాళ్ళు తక్కువమంది ఉన్నారు, దానికి ఇంకో ట్రయల్ కావాలంది.

పూలాయన భార్యది పెద్ద గడ్డే. ఆయన చెయ్యెత్తుతాడేమోనని లిఫ్టక్క చూసింది. ఎత్తలేదు. ఆమే లేచి అడిగింది, అలాంటి గడ్డ ఉండి సగం తీసుకుని పోయినవాళ్ళు పూర్తి తీసుకుని ఉంటే దక్కేవాళ్ళా అని. డాక్టరమ్మ తెర దగ్గర్నుంచి ఆమెకు ఎదురుగా వచ్చింది.

"తెలియదమ్మా. తెలియదని చెప్పడం ఈ ఒక్కచోట నాకు చాలా కష్టంగా ఉంది" అంది.

అందరూ టీ తాగడానికి లేచాక పూలాయన కుర్చీలోనే ఉండిపోయాడు. తర్వాత లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. ట్రయల్ నర్సు అక్కడే తీగలు చుడుతోంది, ఆమెకూ కళ్ళజోడు వచ్చేసింది. ఆ మెట్లు ఏమిటని ఆయన అడిగాడు. ఎవరికైనా తిరగబెట్టినప్పుడు గీత అక్కడ ఒక మెట్టు దిగుతుందని నర్సు చెప్పింది.

"అయితే వీటిలో ఒకటి మా ఆవిడది" అన్నాడు.

"అవునండీ. ఏదో మాత్రం చెప్పలేం."

ఆయన రెండో ఏడు అని రాసి ఉన్న చోటుకి కొంచెం అవతలగా వేలు ఆనించాడు. అక్కడ మెట్లు మూడు నాలుగు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఈ చుట్టుపక్కలే అన్నాడు. లిఫ్టక్క దగ్గరకు వెళ్ళి చూసింది. తాను ఎక్కడున్నానని నర్సును అడిగింది. మెట్టు దిగని చోటల్లా మీరున్నారు, ఈ కొసదాకా అని నర్సు గీత వెంట చెయ్యి పోనిచ్చి చూపింది.

ఆయన వేలు తీయకుండానే, పెద్ద గడ్డలవాళ్ళ కోసం చేస్తామన్న ఆ రెండో ట్రయల్ ఎప్పుడు మొదలవుతుందని నర్సును అడిగాడు. ఇంకా అనుమతులు రావాలంది. దుకాణానికి రకరకాల మనుషులు వస్తుంటారు, అలాంటివాళ్ళు ఎవరైనా అడిగితే ఎక్కడికి పంపాలో చెప్పండి అన్నాడు. నర్సు చెబుతుంటే లిఫ్టక్క ఆయన పక్కనే నిలబడి వింది, మధ్యలో రెండుసార్లు ఆపి, ఆయనకు సరిగా వినబడని మాటలు మళ్ళీ చెప్పించింది.